అమ్మ ఫోన్‌లోంచి నా అకౌంట్ తీసేశాను

నవంబరులో ఒకరోజు ఆఫీసులో ఉండగా ఇంటి అద్దె అగ్రిమెంట్ ఫొటో అవసరమై గూగుల్ ఫొటోస్ తెరిచాను. అది లేదు. పక్కనే ఉండాల్సిన మా పాప స్కూలు వార్షికోత్సవం ఫొటోలూ లేవు. కిందికి జరిపిన కొద్దీ ఖాళీలే. ట్రాష్‌లో చూస్తే 212 ఫొటోలు ఉన్నాయి, అన్నీ ముందురోజు సాయంత్రం తీసేసినవే. నేను ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఎవరో నా అకౌంట్లో దూరారనుకుని చేతులు చల్లబడ్డాయి.

పాస్‌వర్డ్ మార్చేద్దామని అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ముందు ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూశాను. నా ఫోన్, నా ల్యాప్‌టాప్, మూడోది అమ్మ ఫోన్. వెంటనే ఫోన్ చేశాను.

"ఫోన్ నిండిపోయిందని చూపిస్తోంది తల్లీ. పెళ్లివాళ్లు మగ్గం వర్క్ డిజైన్లు పంపిస్తే దిగట్లేదు. ఫొటోలు తీసేస్తే ఖాళీ అవుతుందన్నారు. నావి తియ్యలేను కదా, అన్నీ కొలతలే. నీవి కనిపిస్తే తీసేశాను. నీ ఫోన్లో నీకు ఉంటాయి కదా అనుకున్నా."

ఆమె అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. నాలుగేళ్ల కిందట ఆ ఫోన్ కొన్నప్పుడు, మొదట్లో జీమెయిల్ అడిగితే, అమ్మకి లేదు కదా అని నాది కొట్టేసింది నేనే. ఆ ఒక్క నిమిషం తొందర వల్ల రెండు ఫోన్లూ ఒకే అకౌంట్ మీద నడుస్తున్నాయి. బ్యాకప్ ఆన్‌లో ఉన్న ఫొటోని గూగుల్ ఫొటోస్‌లో తీసేస్తే ఆ ఒక్క ఫోన్లోనే పోదు, అకౌంట్లోంచే పోతుంది. పైగా ఆమె తీసేసిన నా ఫొటోలు ఆ ఫోన్లో ఉన్నవే కావు, క్లౌడ్‌లో, అంటే గూగుల్ సర్వర్లలో, ఉన్నవి ఆ తెర మీద కనిపించాయంతే. అందుకే అన్ని తీసేసినా ఆమె ఫోన్లో చోటు పెరగలేదు. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి అన్నీ వెనక్కి తెచ్చుకోగలిగాను. అదే మూడు నెలల తర్వాత చూసుకుని ఉంటే?

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఫొటోలు చిన్న విషయమనిపించింది. అంతకుముందు వేసవిలో అమ్మ ఫోన్ డిస్‌ప్లే పగిలితే రిపేరుకిచ్చింది. షాపతను అడిగితే పిన్ కూడా చెప్పింది. రెండు రోజులు ఆ ఫోన్ అక్కడే ఉంది. అంటే నా మెయిల్, డ్రైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన మా పాన్, ఆధార్ కాపీలు, క్రోమ్‌లో సేవ్ అయిన నా పాస్‌వర్డ్‌లు, అన్నీ ఆ పిన్ వెనకే ఉన్నాయి. ఏమీ జరగలేదు. కానీ జరగకపోవడం నా జాగ్రత్త వల్ల కాదు.

సంక్రాంతికి అమ్మ దగ్గరికి తెనాలి వెళ్లినప్పుడు, ఆమెకి సొంత అకౌంట్ పెట్టి నాది తీసేసే పని పూర్తిచేసి రావాలనుకున్నాను.

అమ్మ ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతుంది. ఇదివరకు కొలతలన్నీ నోటు పుస్తకంలో ఉండేవి. ఈ నాలుగేళ్లలో అవి ఫోన్లోకి వచ్చేశాయి. ఆది జాకెట్టు టేపు పక్కన పరిచి ఫొటో తీసి, ఆ కస్టమర్ వాట్సాప్ చాట్‌లోనే పెట్టుకుంటుంది. "మెడ ముందు ఆరున్నర, వెనక తొమ్మిది, చేతులు మోచేతిదాకా" అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టుకుంటుంది. కాంటాక్టుల్లో పేర్లు కూడా ఆమె పద్ధతే: బోట్‌నెక్ టీచరమ్మ, కరెంటాఫీసు వాళ్ల కోడలు, పట్టుచీర ఫాల్ బాకీ. నాలుగేళ్లుగా ఈ పేర్లన్నీ నా ఫోన్లోనూ ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి పోయినా అమ్మకి నష్టం, మాట కూడా పోతుంది. అందుకే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

భోగి ముందురోజు వెళ్లేసరికి ఇంటినిండా కుట్టాల్సిన బట్టలే. "పండగ అయ్యేదాకా ఫోన్ ముట్టుకోకు" అని ఖరాఖండీగా చెప్పేసింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి నా తిరుగు ప్రయాణం ఎలాగూ లేదు. ఆ మధ్యాహ్నం గారెలు తిన్నాక మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

ఫోన్‌ని రీసెట్ చేయాలా, అంటే అంతా చెరిపేసి కొత్తదానిలా మొదలుపెట్టాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. ఈ విషయంలో నాకు ముందే ఒక దెబ్బ తగిలింది. రెండేళ్ల కిందట నా పాత ఫోన్ మా పిన్ని కొడుక్కి ఇచ్చాను. అకౌంట్ తీయకుండా అలాగే ఇచ్చేశాను. వాడు బటన్లు నొక్కిపట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేశాడు. ఫోన్ తెరుచుకుని, ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమని ఆగిపోయింది. ఇది దొంగల కోసం పెట్టిన తాళం. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. కొట్టేసిన ఫోన్‌ని తుడిచి అమ్ముకోకుండా, పాత యజమాని అకౌంట్ అడుగుతుంది. ఫోన్‌కి వాడు దొంగో తమ్ముడో తెలియదు కదా. చివరికి నా పాస్‌వర్డ్ వాడికి ఫోన్లో చెప్పాల్సి వచ్చింది, అది ఇంకో తప్పు. ఫోన్ వేరే మనిషి చేతికి వెళ్తుంటే ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్ తీసేయాలి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లోంచే డేటా అంతా చెరిపేయాలి. ఆ మధ్యే పాస్‌వర్డ్ మార్చి ఉంటే 24 గంటలు ఆగి చేయమని గూగులే చెబుతుంది.

అమ్మది అలాంటి కేసు కాదు. ఫోన్ ఆమెదే, మనిషి మారడం లేదు. మారేది అకౌంట్ ఒక్కటే. దీనికి రీసెట్ అక్కర్లేదు. చేస్తే లేనిపోని నష్టం. మా వీధిలో ఒకాయన "అంతా కొట్టేసి కొత్తగా పెట్టెయ్యమ్మా, అరగంట పని" అన్నారు. ఆయన మాట వినలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే హమ్మయ్య అనిపిస్తుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. కొత్త అకౌంట్ ముందు చేర్చాలి, పాతది అన్నిటికన్నా చివర తీయాలి. ఒక ఫోన్లో రెండు గూగుల్ అకౌంట్లు హాయిగా ఉంటాయి. ఇంట్లో వంట మనిషి మారేటప్పుడు కొత్తామె వచ్చి డబ్బాలు ఎక్కడున్నాయో తెలుసుకున్నాకే పాతామెని పంపిస్తాం కదా, అలాగ.

అమ్మకి అకౌంట్ తెరవడానికి అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. అడిగే ప్రతిదీ ఆమెకి కొత్త. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాం. అమ్మకి రెండు తేదీలు, అమ్మమ్మ చెప్పినది ఒకటి, బడిలో రాయించినది ఒకటి. ఆధార్‌లో ఉన్నదే ఇచ్చాను. మెయిల్ పేరు మాత్రం ఆమెనే ఎంచుకోమన్నాను. తన పేరు, ఆ వెనక ఇంటిపేరు, దాని వెనక ఓ రెండంకెలు. పాస్‌వర్డ్‌కి ఆమెకి మాత్రమే తోచే మూడు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టుకుంది. నాకు చెప్పబోతే వద్దన్నాను. కాగితం మీద రాసి బీరువాలో బ్యాంకు పుస్తకం అట్టలో పెట్టింది. రికవరీకి ఆమె నంబరు, నా మెయిల్ ఇచ్చాం. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఫోన్ చేతిలో లేనప్పుడు ఆ రుజువుగా వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లనీ చేత్తో రాయించాను. ఒక్కొక్కటీ ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించడం నాకు ఇష్టం లేదు. ఇంటి తాళంచెవి నకలు దారిలో వదిలినట్టవుతుంది.

తర్వాత కాంటాక్టులు. నా ల్యాప్‌టాప్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పేరూ చదివాను. "నాది, నాది, ఇది నీది, ఇది ఎవరో తెలీదు, చచ్చిపోయింది పాపం ఈవిడ, ఉంచు." ఆమెవి 183 తేలాయి. వాటికి ఒక లేబుల్ తగిలించి, ఆ లేబుల్ మొత్తం వీసీఎఫ్ ఫైల్‌గా (కాంటాక్టులన్నీ ఒకే ఫైల్లో ఉండే రకం) దించుకుని, ఆమె కొత్త అకౌంట్లోకి ఎక్కించాను. ఎక్కాయని తెర మీద వచ్చింది. ఆ ధీమాతో నా అకౌంట్లోంచి ఆ 183 తీసేశాను.

రెండు నిమిషాల తర్వాత అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. వాట్సాప్‌లో ఒక్క పేరూ లేదు. అన్నీ నంబర్లే. వాట్సాప్‌లో కనిపించే పేర్లు వాట్సాప్‌వి కావు, ఫోన్ కాంటాక్టుల్లోంచి తీసుకుంటుంది. "ఏ జాకెట్టు ఎవరిదో నాకెలా తెలుస్తుంది?" అంది. గొంతు పెద్దది చేయలేదు, అందుకే ఇంకా భయమేసింది. బయట ఉట్టి మీద ఇరవై జాకెట్ల కవర్లు వేలాడుతున్నాయి. ప్రతి కవరు మీదా పేరు బదులు ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు రాసి ఉన్నాయి.

గూగుల్ కాంటాక్ట్స్‌లో మార్పులని వెనక్కి తీసుకునే వీలుంది. పది నిమిషాల కిందటికి, గంట కిందటికి, అలా 30 రోజుల వెనక్కి దాకా వెళ్లొచ్చు. గంట వెనక్కి తీసుకెళ్లాను. కాసేపటికి బోట్‌నెక్ టీచరమ్మ తిరిగొచ్చింది, మిగతావాళ్లూ వచ్చారు. ఆ తర్వాత తీరిగ్గా చూస్తే కారణం దొరికింది. కొత్త అకౌంట్లోకి కాంటాక్టులు చేరాయి, అందులో లోపం లేదు. ఫోన్లో ఆ అకౌంట్‌కి కాంటాక్ట్స్ సింక్ ఆఫ్‌లో ఉంది. అందుకే అక్కడ ఉన్నవి ఇక్కడికి దిగలేదు. అది ఆన్ చేసి, కొత్త కాంటాక్టు ఏది సేవ్ చేసినా ఆమె అకౌంట్లోకే వెళ్లేలా పెట్టి, పేర్లు రెండేసి కనిపించేదాకా ఆగి, ఆ రాత్రికి ఊరుకున్నాను. నా వైపు నుంచి తీసేసింది మర్నాడు పొద్దున. ఆ గంట నాకు నేర్పింది ఏంటంటే, తెర మీద "పూర్తయింది" అని వచ్చినంత మాత్రాన నమ్మకూడదు. కావాల్సిన చోట కళ్లతో చూసుకున్నాకే పాతది తీయాలి.

ముక్కనుమ నాడు వాట్సాప్ మీద కూర్చున్నాం. నాకున్న పెద్ద భయం ఇదే, తీరా చూస్తే సులువుగా అయిపోయింది. వాట్సాప్ అకౌంట్ ఫోన్ నంబరు మీద ఉంటుంది, జీమెయిల్ మీద కాదు. గూగుల్ అకౌంట్ తీసేసినంత మాత్రాన ఫోన్లో ఉన్న చాట్‌లు ఎక్కడికీ పోవు. పోయేది బ్యాకప్ మాత్రమే. అది ఏ గూగుల్ అకౌంట్లో ఉందో ఆ అకౌంట్, అదే నంబరు, రెండూ ఉంటేనే రేపు కొత్త ఫోన్లోకి వస్తాయి. ఇన్నాళ్లూ అమ్మ కొలతలన్నీ నా డ్రైవ్‌లో ఉన్నాయన్నమాట. చాట్ బ్యాకప్ సెట్టింగ్‌లో గూగుల్ అకౌంట్ దగ్గర నొక్కి ఆమె కొత్త మెయిల్ ఎంచుకుని, వీడియోలు వద్దని, ఛార్జింగ్‌లో పెట్టి బ్యాకప్ మొదలుపెట్టాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా తింటుంది కాబట్టి వీడియోలు మానడం మంచిదనిపించింది. ఊళ్లో నెట్ స్పీడు సంగతి తెలిసిందే, అన్నం తిని లేచేసరికి అయింది. వాట్సాప్‌కి ఆరంకెల రెండంచెల పిన్ కూడా అప్పుడే పెట్టాం.

ఫొటోల్లో ఆమెవి, నావి విడదీయడం విసుగు పని. ఫోన్లో ఉన్న ఫొటోలు అకౌంట్ తీసేసినా ఉంటాయి. ఎప్పుడో చోటు కోసం ఫోన్లోంచి తీసేసి క్లౌడ్‌లో మాత్రమే మిగిలిన పాతవే సమస్య. వాటిని ఒక ఆల్బమ్ చేసి ఆమెకి షేర్ చేశాను. షేర్ చేస్తే చాలదు, అవతల ఆమె అకౌంట్లో సేవ్ నొక్కాలి, లేకపోతే అవి నా దగ్గరే ఉండిపోతాయి. యూట్యూబ్‌లో "తర్వాత చూద్దాం" అని దాచుకున్న కటింగ్ వీడియోలు కూడా అంతే. ఆ జాబితాని నేరుగా షేర్ చేయలేం కాబట్టి వేరే ప్లేలిస్ట్‌లోకి చేర్చి లింక్ పంపాను.

డబ్బు సంగతి ఇంకా ఉంది. మిషను పైన గోడకి లామినేషన్ చేసిన క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. అది గూగుల్ పేది. ఆ కోడ్ వెనక ఉన్న యూపీఐ ఐడీ చూస్తే, ముందు భాగంలో నా జీమెయిల్ పేరుంది! గూగుల్ పే యూపీఐ ఐడీని మామూలుగా మెయిల్ పేరుతోనే తయారుచేస్తుంది. డబ్బు పడేది అమ్మ బ్యాంకు ఖాతాలోకే, కట్టేవాళ్లకి కనిపించేది కూడా బ్యాంకులో ఉన్న అమ్మ పేరే, అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు. కానీ మెయిల్ మారితే ఆ ఐడీ మారుతుంది, ఐడీ మారితే గోడ మీది కోడ్ పనికిరాదు.

నా మెయిల్ మీదున్న గూగుల్ పేలోంచి బ్యాంకు ఖాతా తీసేసి, ఆమె మెయిల్‌తో మళ్లీ మొదలుపెట్టాం. ఆ సమయంలో ఫోన్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ ఆ ఫోన్లోనే ఉందని రుజువు అది. రెండు సిమ్‌లు ఉంటే సరైనది ఎంచుకోవాలి. యూపీఐ పిన్ మాత్రం పాతదే పనిచేసింది, ఎందుకంటే పిన్ యాప్‌ది కాదు, బ్యాంకు ఖాతాది. పిన్ కొట్టేటప్పుడు నేను తల తిప్పుకున్నాను. అమ్మ నవ్వి "నీ దగ్గర దాపరికమా" అంది. నా దగ్గర కూడా వద్దన్నాను. మొదటి 24 గంటలు 5,000 రూపాయలకి మించి పంపడానికి లేదు. ఆ హద్దు పంపే డబ్బుకే, వచ్చేదానికి కాదు కాబట్టి కస్టమర్లకి ఇబ్బంది లేదు. నా ఫోన్ నుంచి ఒక రూపాయి పంపి చూశాను, పడింది. పాత కోడ్ పీకేసి, కొత్తది ప్రింట్ తెచ్చి అదే చోట అంటించింది అమ్మ. పాత చెల్లింపుల లెక్క కొత్త అకౌంట్లో కనిపించదని ముందే తోచింది. బాకీలు రాసుకోవడానికి ఆ తెరలని స్క్రీన్‌షాట్లు తీసి ఆమె ఫోన్లో పెట్టాను.

ఆ రాత్రి రెండు అకౌంట్లనీ అలాగే ఉంచాను. మర్నాడు సాయంత్రం దాకా అమ్మ మామూలుగా పని చేసుకుంది. ఫోన్లు వచ్చాయి, పేర్లు కనిపించాయి, డబ్బు పడింది. అప్పుడు క్రోమ్‌లో నా అకౌంట్ సైనౌట్ చేసి, ఈ ఫోన్లో మిగిలిన నా డేటా కూడా చెరిపేయమన్నాను. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు, అకౌంట్లు అన్న చోటికి వెళ్లి నా మెయిల్ మీద నొక్కి, తీసేయమన్నాను. ఈ అకౌంట్‌కి సంబంధించిన మెసేజ్‌లు, కాంటాక్టులు, ఇతర డేటా అంతా ఫోన్లోంచి పోతుందని హెచ్చరిక వచ్చింది. చదివితే గుండె ఆగుతుంది. అది ఫోన్లో ఉన్న కాపీ సంగతే చెబుతుంది, నా అకౌంట్లో ఉన్నవి అక్కడే ఉంటాయి. తెలిసినా వేలు ఆగింది. అమ్మే నొక్కింది.

నా ల్యాప్‌టాప్‌లో డివైసుల జాబితా చూశాను. అమ్మ ఫోన్ పోయింది. కానీ ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన ఇంకో ఫోన్, నవంబరులో నేను గమనించనిది, కింద ఒక మూల ఇంకా కనిపించింది. దాన్నీ సైనౌట్ చేసి, నా పాస్‌వర్డ్ మార్చాను. అమ్మ కొత్త అకౌంట్‌తో ఫోన్ పోతే వెతికే సదుపాయం పనిచేస్తోందో లేదో, ఫోన్ పక్క గదిలో దాచి మోగించి చూశాం.

హైదరాబాదు వచ్చాక రెండు వారాలకి ఫోన్ చేసి, వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ దగ్గరికి వెళ్లి చివరి తేదీ చదవమన్నాను. దారి మర్చిపోలేదు, తనే వెళ్లింది.

"నిన్న రాత్రి రెండింటికి అని ఉంది. నేనప్పుడు నిద్రపోతున్నానే?"

"అదే చేసుకుంటుందమ్మా. కింద మెయిల్ ఎవరిది ఉందో చూడు."

ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని తన పేరు చదివింది. అంతలో గుమ్మంలో ఎవరో పిలిచారు, ఆది జాకెట్టు తెచ్చారట. ఫోన్ పెట్టేసింది.